కామాలు నావి

సున్వా రాసిన ఏడు పుస్తకాల్లోనూ
కామాలు నావి.
అంతకు మించి నాకేం సంబంధం లేదని
మొదట్లో అనుకునేవాణ్ణి.

తోర్స్‌హవన్ రేవు వెనక, మెట్ల సందులో మా అచ్చాఫీసు.
పెళ్లి పిలుపులు, చేపల వేలం రసీదులు, చర్చి కరపత్రాలు.
వాటి మధ్యకి ఒక నవంబరు సాయంత్రం
తడిసిన కోటు లోపల్నించి
మూడువందల పేజీల వ్యోమనౌకను తీసి బల్లమీద పెట్టింది.

పగలు తర్కం చెబుతుంది, పదకొండుమంది పిల్లలకి.
తండ్రి క్లాక్స్‌విక్‌లో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు.
కోపెన్‌హాగన్‌లో ఆమె పరిశోధనంతా ఒకటే ప్రశ్న:
మాట పుచ్చుకున్నవాడు పోయాక
ఆ మాట ఇంకా బాకీయేనా?
పట్టా ఇచ్చారు,
జవాబు మాత్రం బాకీ పెట్టారు.

"వాదంలో ఎదుటివాడికి ఆకలెయ్యదు" అంది నాతో,
"అందుకే కథలోకి లాక్కొచ్చాను.
ఇక్కడ వాడు తింటాడు, అలుగుతాడు,
నా మాట మధ్యలో లేచి వెళ్లిపోతాడు."

మా భాషవాళ్లందరూ
ఒక పెద్ద నగరపు ఆటమైదానంలో పట్టేస్తారు.
అందులో చదివేవాళ్లు,
వాళ్లలో నక్షత్రాల గొడవ పట్టేవాళ్లు:
నాలుగువందల పన్నెండు ప్రతులు. కట్టలు కట్టింది నేనే.

వ్యోమనౌకకి మా దగ్గర మాట లేదు.
వారం రోజులు వెతికి
గొర్రెమాంసం గాలికి ఆరబెట్టే
చెక్క కొట్టం పేరు పెట్టింది.
పలకల సందుల్లోంచి ఈలవేస్తూ గాలి పోయే కొట్టం!
పక్కన పెన్సిలుతో రాశాను: శూన్యంలో ఇది నిలుస్తుందా?
కింద ఆమె రాసింది:
నిలవదు. కానీ లోపలున్నది చెడిపోకూడదు కదా.

పాత గురువు ఉత్తరం రాశాడు,
ఆటబొమ్మలు చాలించి వ్యాసం పంపమని.
ఆ ఉత్తరాన్ని రెండో పుస్తకంలో
ఒక తుప్పు రోబో నోట పెట్టింది,
అక్షరం మార్చకుండా.
పాఠకులు రోబో మీద జాలిపడ్డారు.

మూడోది అమ్ముడుపోలేదు.
నాలుగోదానికి వచ్చిన బహుమతి
ఇంటికప్పు మీద పచ్చిక మార్పించడానికి సరిపోయింది.

ఐదోది నూట ఎనభై ఏళ్ల ప్రయాణం.
బయల్దేరినవాళ్లు చేరరు, చేరేవాళ్లు బయల్దేరలేదు.
మధ్యలో పుట్టినవాళ్లు ఒకరోజు అడుగుతారు,
మమ్మల్ని అడిగి ఎక్కించారా అని.
చివరి అధ్యాయంలో నౌకను వెనక్కి తిప్పుతారు.
న్యాయం గెలిచిందనుకుని
నేనూ ప్రూఫు మీద సంతకం చేశాను.

ఆరువారాలకి
నోల్సోయ్ పడవ దిగి హైని వచ్చాడు.
గొర్రెలు కాసే డెబ్బైతొమ్మిదేళ్ల మనిషి,
రబ్బరు బూట్లు, చంకలో పుస్తకం.
కాఫీ ఇచ్చి ఆమెను పిలిపించాను.

"నన్నెవరూ అడగలేదమ్మా, ఈ రాతిమీద పుట్టించేముందు.
అయినా ఏటా ఈనేవేళకి
తెల్లవార్లూ కొండమీదే ఉన్నాను.
నౌక తిప్పారు, సరే.
తిప్పిన రాత్రి అందులో ఓ పిల్ల పుట్టి ఉంటే
దాన్నెవరడిగారు?"

పదకొండుమంది ముందు ఎన్నడూ తడబడని మనిషి
ఖాళీ కప్పులో చెంచా తిప్పుతూ కూర్చుంది.

రెండో ముద్రణ ఎవరూ అడగలేదు.
జీతం డబ్బుతో తనే వేయించింది.
చివరి అధ్యాయం తీసేసి, దాని చోట
పద్నాలుగు తెల్లపేజీలు.
"కాగితం ఖరీదు" అని సణిగాను.
"హైనికి పంపు. రాయమను."

కథేం రాయలేదతను.
ఏ గొర్రె ఎప్పుడు ఈనిందో, ఏ పిల్ల దక్కిందో
ఆ పేజీల్లో లెక్క రాసుకున్నాడట.
సమాధి దగ్గర అతని మనవరాలు చెప్పింది.

ఆరోదాంట్లో నేనొక కామా తప్పు పెట్టాను,
ఒక గ్రహం రెండు వాక్యాల ముందే పేలిపోయింది.
ఏడోది ఇంకా గోదాములో ఉంది.

నిన్న రాత్రి ఫోన్ చేసింది,
ఎనిమిదోదాని మధ్యలోంచి:
పుడుతూనే పోయిన పిల్లకి
ఆ లెక్కలో ఏ గుర్తు పెట్టాడు హైని?

తెలీదన్నాను.
గాలికి నోల్సోయ్ పడవ ఆపేశారు.
రేపు నడిస్తే వెళ్లి చూడాలి.